సొంత ఇష్టంతో మానేసిన పని

ట్సోమో
అక్టోబరు, 2006

చెల్లి లిండెకాకి,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ కూతురు ఆవివేకి ముందు పన్ను ఊడింది. అది నీకు తప్పకుండా రాయమంది, రాశాను. ఇక అసలు సంగతికొస్తాను.

నిన్న మీ బావ దుకాణం ఫోనుకి చేశాడు. నువ్వు ఆపిల్ పళ్ళ షెడ్డులో పని మానేశావట. ఎవరూ తీసెయ్యలేదట. నువ్వే కాగితం రాసిచ్చి, ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి బయటికి నడిచావట. ఎందుకని అడిగాను. "మీ చెల్లెల్నే అడుగు" అన్నాడు. ఆ గొంతు నాకు తెలిసిన వూకిలే గొంతులా లేదు. పిల్లల చదువు సంగతి చెప్పబోతుంటే మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు.

ఆ పని నీకు ఇప్పించడానికి ఆయన మేనేజరు చుట్టూ ఎంత తిరిగాడో నీకు తెలుసు. పైగా నీది ఏడాది పొడుగునా ఉండే పని, కోతల కాలం అయిపోగానే పంపించేసే పని కాదు. అలాంటి దాన్ని ఊరికే ఎవరూ వదులుకోరు. కడుపుతో ఉన్నావా? ఉంటే చెప్పు. తిడతాను, అది ఎలాగూ తప్పదు. గడప తొక్కొద్దని మాత్రం అనను.

శనివారం, మీ షెడ్డులో చనిపోయిన మోండేని పూడ్చారు. కంపెనీ వాళ్ళే శవపెట్టె కొని వ్యానులో పంపారు. తెల్లారకముందే ఏరు దాటి వెళ్ళి అక్కడ ఆడవాళ్ళతో కలిసి మాంసం, దంచిన మొక్కజొన్న, క్యాబేజీ వండాను. పొయ్యిల దగ్గర ఒకటే గుసగుసలు. ఆపిల్ పళ్ళు దొంగిలించడానికి, వాటిని నిలవుంచే గదిలోకి దూరాడట, అందులో పీల్చడానికి గాలే ఉండదట, అలా పోయాడట. వాళ్ళమ్మ మాడ్లోమో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "మీ ఆయనే కదమ్మా వాడి మేస్త్రీ! లోపలికి పోవద్దని వాడికి చెప్పలేదా?" అంది. "ఎన్నోసార్లు చెప్పాడు పెద్దమ్మా, మోండేనే వినలేదు" అన్నాను. మీ బావ నాతో ఫోన్లో చెప్పిందే చెప్పాను. ఆమె నా చెయ్యి వదిలేసింది.

మీ బావ రాలేదు. షెడ్డులో పని ఎక్కువట. సరే. మరి నీకు పనే లేదు కదా, నువ్వెందుకు రాలేదు?

మీ అక్క
నొజుకో

*

న్డూలి, సెరెస్
నవంబరు

ప్రియమైన అక్కకి,

నేను కడుపుతో లేను. ఆ భయం వదిలెయ్యి. ఆవివే పన్ను ఎలక కన్నంలో వేయించావా?

పని మానేసింది నడుం నొప్పి వల్ల. ఆ షెడ్డు చలి నీకు తెలియదు. ఎండాకాలం వచ్చినా లోపల కాళ్ళు కొంకర్లు పోతాయి. ఇప్పుడు రెండిళ్ళలో బట్టలుతుకుతున్నాను. అద్దెకు సరిపోతోంది గానీ ఆవివేకి పంపడానికేమీ మిగలడం లేదు. అందుకే నిరుద్యోగ భృతి కోసం లేబర్ ఆఫీసుకి వెళ్ళాను. ఇన్నేళ్ళూ నా జీతంలోంచి దానికోసం కోస్తూనే ఉన్నారు కదా.

పొద్దున్నే వెళితే మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది. కిటికీ దగ్గర ఓ పెద్దావిడ, మెడలో కళ్ళజోడు తాడు.

"తీసేశారా, మానేశావా?" అంది.

"మానేశాను."

"నీ అంతట నువ్వేనా?"

"నా అంతట నేనే."

"అయితే ఇంటికెళ్ళు తల్లీ. ఇది పని పోగొట్టుకున్నవాళ్ళకి. పారేసుకున్నవాళ్ళకి కాదు."

నా వెనకున్నవాళ్ళు నవ్వారు. నేను కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకే తెలియదక్కా. ఆవిడ నా వంక కాసేపు చూసి గొంతు తగ్గించింది. "ఒక దారి ఉంది. నిన్ను అక్కడ ఉండలేకుండా ఎవరైనా చేస్తే అది నీ ఇష్టంతో మానెయ్యడం కింద లెక్క కాదు. కానీ ఆ మాట తేల్చేది నేను కాదు, కార్మిక వివాదాల కమిషన్. అక్కడికెళ్ళి ఎవరు, ఏం చేశారు అన్నది పేరు పెట్టి చెప్పాలి. చెప్పగలవా?"

ఆలోచిస్తానన్నాను.

అక్కా, నేను లేబర్ ఆఫీసుకి వెళ్ళిన సంగతి బావతో అనకు. ఊరికే కంగారు పడతాడు.

మాడ్లోమో పెద్దమ్మ ఎలా ఉంది? ఆమె ఇంకేమైనా అడిగిందా? ఆమెతో నువ్వు అలా అనకుండా ఉండాల్సింది.

నీ చెల్లి
లిండెకా

*

ట్సోమో
నవంబరు

లిండెకాకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివితే నడుం నొప్పి కనిపించింది. చివరిసారి చదివేటప్పటికి "బావతో అనకు" అన్న ముక్క ఒక్కటే కనిపించింది.

ఎందుకు అనకూడదు? నీ నడుం నొప్పికీ నా మొగుడికీ సంబంధమేమిటి? భృతి కోసం ఆఫీసుకెళితే ఆయన కంగారు పడటమేమిటి? ఎవరు ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలంటే నువ్వు వెంటనే చెప్పలేక ఆలోచిస్తానన్నావు. ఎవరి పేరది?

నేనింకో మాట విన్నాను. ఆ మాట చెప్పినమ్మాయి నీ పక్క బల్ల దగ్గరే పళ్ళు ఏరుతుంది. వాళ్ళ నానమ్మ గురువారం ప్రార్థనలో నా పక్కన కూర్చుంటుంది. నువ్వు పని మానెయ్యడానికి కొద్దిరోజుల ముందు షెడ్డు వెనక, ఖాళీ పెట్టెలు పేర్చే చోట, నువ్వు ఏడుస్తున్నావట. వూకిలే నీ రెండు చేతులూ పట్టుకుని బతిమాలుతున్నాడట. ఆ ముసలమ్మ ఇది నాకు చెబుతున్నంతసేపూ బైబిల్ వంకే చూసింది. నేను ప్రార్థనకి వేసుకునే ఎర్ర జాకెట్ గుండీలు పెట్టుకుంటూ కూర్చున్నాను, అప్పటికే పెట్టి ఉన్నవాటినే.

నా మొగుడి చేతులు నీ చేతుల మీద ఎందుకున్నాయి?

ఆయనతో అనొద్దన్నావు కదా. అన్నాను. దుకాణంలో పదిమంది ఉండగానే ఫోన్లో అన్నాను. "నీ మరదలు లేబర్ ఆఫీసుకెళ్ళి నీ పేరు చెప్పబోతోందట, ఏం చేశావేంటి?" అన్నాను. అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దానికి కూడా దుకాణం వాడు డబ్బులు కట్టించుకున్నాడు.

నొజుకో

*

న్డూలి
నవంబరు చివర

అక్కా,

నా ఉత్తరం నీకు రాశాననుకున్నాను, బావకి కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన నా గది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మొక్కజొన్న పిండి మూట, నూనె డబ్బా. ఇంటావిడ తలుపు సందులోంచి చూస్తోంది. ఆవిడ కూడా నీలాగే అనుకుని ఉంటుంది.

"ఎవరి పేరో చెప్పాలట కదా? ఎవరిది చెబుతావ్?" అన్నాడు. నేను నీకు రాసిన మాటలే అక్కా, నా మొహం మీదే తిరిగి అన్నాడు. ఉత్తరం చదివి వినిపించావా, లేక ఏకంగా ఆయనకే పంపించావా? ఇకనుంచి నీకు ఒక్క ముక్క రాయాలన్నా ఆయన భుజం మీంచి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది.

నీ అనుమానం సంగతి. నేను నీ మొగుణ్ణి ఆ దృష్టితో ఎప్పుడూ చూడలేదు. ఆయనా నన్ను చూడలేదు. ఆయన నా చేతులు పట్టుకున్నది నిజం. బతిమాలింది నిజం. దేనికోసమో నేను చెప్పను. చెబితే నువ్వు నమ్మవు, నమ్మితే తట్టుకోలేవు. ఇన్ని రోజులూ నోరు మూసుకున్నది నీకోసమే. ఇప్పుడు నువ్వు నన్ను ఏదో అనుకుంటున్నావు కాబట్టి ఇంతవరకు చెబుతున్నాను. క్రిస్మస్‌కి ఆయన ఇంటికొస్తాడు కదా, ఒక్కటే అడుగు. మోండే ఆ గదిలోకి వెళ్ళిన రోజున గాలి కొలిచే మీటర్ ఏమైందని అడుగు. మొహం చూస్తూ అడుగు.

పిండి మూట తిరిగి పంపించేద్దామనుకున్నాను. పంపలేదు. ఇంట్లో ఏమీ లేదు.

కమిషన్‌కి వెళ్ళాను. కాగితం మీద "విచారణలో చెబుతాను" అని మాత్రమే రాశాను. ఫిబ్రవరిలో పిలుస్తారట.

లిండెకా

*

ట్సోమో
డిసెంబరు, పండగ మరునాడు

ఈ ఉత్తరానికి పైన నీ పేరు రాయబుద్ధి కాలేదు.

వూకిలే వచ్చాడు. పిల్లలకి చెప్పులు, నాకు దుప్పటి తెచ్చాడు, ఆవివేకి కూడా గౌను తెచ్చాడు. నువ్వు అడగమన్నట్టే అడిగాను. పండగ రోజు, చుట్టాలు బీరు కుండ దగ్గర కూర్చుని ఉండగా, ఆయన్ని గొర్రెల దొడ్డి వెనక్కి పిలిచి అడిగాను.

"ఏమయ్యా, మోండే పోయిన రోజున ఆ మీటర్ ఏమైంది?"

కొట్టినట్టు అదిరిపడ్డాడు. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితేనేం? ఏమైంది?"

దొడ్డి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఒక్కసారిగా, "నొజుకో, నేను తప్పు చేశాను" అన్నాడు. "లిండెకాతో. పోయిన ఏడాది నుంచి. నేను చాలించుకుందామంటే అది ఒప్పుకోలేదు. ఆ కోపంతో పని మానేసింది. ఇప్పుడు చచ్చినవాణ్ణి అడ్డం పెట్టుకుని నా ఉద్యోగం పీకించాలని చూస్తోంది. మీటరూ లేదు, ఏమీ లేదు. నన్ను కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి."

కొట్టలేదు. చుట్టాలున్నారు. లోపలికొచ్చి వాళ్ళకి మాంసం వడ్డించాను.

ఇంక నీ మీటర్ గురించి నాకు రాయకు. ఏమీ రాయకు. మన అమ్మ పోయేటప్పుడు నిన్ను నా చేతిలో పెట్టింది. మనం ఎంత చక్కగా ఉన్నామో అమ్మ చూడటం లేదు, అది నయం. నీ కూతురు మీద నా కోపం చూపించను, దానికేం తెలుసు. బడి తెరిచేదాకా ఇక్కడే ఉంటుంది. తర్వాత దాన్ని ఎక్కడుంచాలో నువ్వే చూసుకో.

*

న్డూలి
జనవరి, 2007

అక్కా,

రాయొద్దన్నావు. ఇది చదవకుండా పొయ్యిలో వేస్తావేమో కూడా తెలియదు. అయినా రాస్తున్నాను, ఈసారి ఏదీ దాచకుండా.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత మళ్ళీ మొదటినుంచి చదివాను. చెయ్యని తప్పు తన నెత్తిన వేసుకునేవాడు, చేసిన తప్పుకి ఎంత భయపడుతుండాలి? అది ఆలోచించు.

మా షెడ్డులో పళ్ళని నెలల తరబడి నిలవుంచే గదులున్నాయి. తలుపులు బిగించి లోపలి గాలిలో మనకి ప్రాణమిచ్చేదంతా లాగేస్తారు. పళ్ళు నిద్రపోయినట్టుంటాయి. గది తెరిచాక ఫ్యాన్లు వేసి, బయటి గాలి పోనిచ్చి, మీటర్ పెట్టి చూసి, అది సరేనంటేనే మనిషి లోపల కాలు పెట్టాలి. పిల్లలకి అక్షరాలు వచ్చినంత బాగా మాకది తెలుసు.

ఆ రోజు ఓడరేవుకి వెళ్ళాల్సిన లారీ బయట ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మేనేజరు రెండుసార్లు వచ్చి బావని కేకలేసి వెళ్ళాడు. గది కొంచెం తెరిచారు, లోపల ఫ్యానుకి పెట్టె మూత ఏదో అడ్డం పడి తిరగడం లేదు. మీటర్ పాడై అప్పటికి వారమైంది. బాగు చేయించమని బావ చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు, అది కూడా నిజమే, రాస్తున్నాను. నేను తలుపు పక్కనే నేల ఊడుస్తున్నాను. మిగతావాళ్ళంతా అవతలి చివర లారీ దగ్గరున్నారు.

"మోండే, ఊపిరి బిగబట్టి వెళ్ళి ఆ మూత లాగేసి వచ్చెయ్" అన్నాడు బావ.

"మీటర్ లేదు కదన్నా" అన్నాడు మోండే.

"రెండు అంగలు వేస్తే వచ్చేస్తావురా, మగాడివి కాదా? లారీ పోతే నా పని పోతుంది."

మోండే నా వంక చూసి కన్నుకొట్టాడు అక్కా. బుగ్గలు పూరించుకుని, పిల్లలు నీళ్ళలో దూకేముందు చేసినట్టు చేసి లోపలికెళ్ళాడు. మూత గట్టిగా ఇరుక్కుంది. లాగాడు. ఇంకోసారి లాగాడు. తర్వాత కూర్చున్నాడు. అలసిపోయి కూర్చున్నట్టే కూర్చున్నాడు. బావ అరుస్తూ లోపలికి పోబోతే నేనే వెనకనుంచి బెల్టు పట్టుకుని లాగాను. లాగకపోతే నువ్వు రెండు చావులకి వంట చేసేదానివి.

సాయంత్రానికల్లా మోండే పళ్ళు దొంగిలించడానికి వెళ్ళాడన్న కథ తయారైంది. మేనేజరు మొదలెట్టాడు, బావ ఔనన్నాడు. చూసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా సంతకం కావాలి. "వద్దని మేస్త్రీ అరిచాడు, వాడు వినలేదు" అని టైపు చేసి తెచ్చారు. చెయ్యనన్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ కాగితం, సాయంత్రం ఆ కాగితం. పెట్టెల వెనక బావ నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. "మీ అక్క పిల్లలు నీ పిల్లలు కాదా? ఆవివేకి తిండి ఎవరింట్లో?" అన్నాడు. చివరికి మేనేజరు, "సంతకమైనా చెయ్, పనైనా మానెయ్" అన్నాడు. పని మానేశాను. "సొంత కారణాల వల్ల" అని రాసిచ్చాను. నా వల్ల మీ ఇల్లు కూలకూడదనుకున్నాను. మోండే తల్లి మొహం చూడలేకనే ఊరికి రాలేదు.

ఇదే సంగతి. నమ్ముతావో లేదో నీ ఇష్టం. ఆవివేని తీసుకుపొమ్మంటే వచ్చి తీసుకుపోతాను.

లిండెకా

*

ట్సోమో
జనవరి చివర

చెల్లీ,

పొయ్యిలో వెయ్యలేదు.

నీ ఉత్తరం రాకముందే ఒకటి జరిగింది. అది నీకు చెప్పాలి. కొత్త సంవత్సరం వారంలో వూకిలే ఇంకా ఇక్కడే ఉన్నాడు. నేను ఆయనతో మాట్లాడటం లేదు, అన్నం మాత్రం పెడుతున్నాను. ఆయనకి దాని వల్ల పెద్ద బాధేమీ ఉన్నట్టు లేదు. చేసింది ఒప్పుకుని తేలిక పడ్డాడనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆవివే పరుగెత్తుకొచ్చి, "ఏటి అవతలి మామ్మ కర్ర పట్టుకుని వస్తోంది" అంది. అంతే, ఆయన తింటున్న గిన్నె కింద పెట్టి లేచి వెనక గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

మాడ్లోమో పెద్దమ్మ గుమ్మంలో కూర్చుంది. "మీ ఆయన వచ్చాడటగా, ఒక్కసారి చూద్దామని. నా కొడుకు చివరిగా ఏం మాట్లాడాడో చెబుతాడని" అంది. సగం తిన్న గిన్నె మా ఇద్దరి మధ్యా ఉంది. "ఊళ్ళోకి వెళ్ళాడు పెద్దమ్మా" అన్నాను. ఆమె ఆ గిన్నె వంక చూసి, "సరేనమ్మా" అని వెళ్ళిపోయింది.

పెళ్ళాం ఏడుపుకి భయపడని మనిషి ఒక ముసల్దానికి భయపడి దాక్కున్నాడు. ఆ రాత్రంతా అదే మెదిలింది. తప్పిపోయిన గొర్రె సంగతి కూడా వారం దాకా ఒప్పుకోని మనిషి, అంత పెద్ద తప్పు అడక్కుండానే ఎలా ఒప్పుకున్నాడని కూడా. కానీ ఆ ఆలోచన వెంట వెళ్ళడానికి నాకే ధైర్యం చాలలేదు. నిన్ను అసహ్యించుకోవడమే తేలిగ్గా ఉంది. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆయన సెరెస్ బస్సెక్కేశాడు.

రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగాను. నాకు ఒకటే లెక్క. ఈ ఇంటి మీద రేకులు ఆయన జీతంతో వేసినవి. పిల్లల బడి ఆయన జీతం. నువ్వు విచారణలో నోరు తెరిస్తే అవన్నీ పోతాయి. తెరవకపోతే నీకు ఆ భృతి రాదు, నువ్వు ఇలాగే బట్టలుతుక్కుంటావు, ఎవరికీ ఏమీ తెలియదు. నీకు రాద్దామని కూర్చున్నాను కూడా, "నోరు మూసుకో, నీ ఖర్చు నేను చూసుకుంటాను" అని. కాగితం మీద ఆ ముక్క చూసుకుంటే షెడ్డు మేనేజరు రాసినట్టే ఉంది.

ఏరు దాటి వెళ్ళాను. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పెద్దమ్మ చిక్కుడు గింజలు ఏరుతోంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను, కన్ను కొట్టాడన్నది కూడా. వూకిలే ఆ రోజు వెనక గదిలోనే ఉన్నాడని కూడా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, శపిస్తుందనుకున్నాను.

"అయితే నా కొడుకు దొంగ కాదా?" అంది.

"కాదు పెద్దమ్మా."

"పనికే వెళ్ళాడా?"

"పనికే వెళ్ళాడు."

ఇంకేమీ అడగలేదు. గింజల చేట నావైపు జరిపి, "కూర్చోవే, నిలబడ్డావేం?" అంది. ఇద్దరం కూర్చుని చిక్కుడు గింజలు ఏరాం.

కాబట్టి ఇక్కడ దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. నువ్వు విచారణలో అంతా చెప్పు. ఆవివే ఎక్కడికీ వెళ్ళదు.

నొజుకో

*

న్డూలి
మార్చి

అక్కకి,

విచారణ అయింది. అయ్యాక వెంటనే రాద్దామనుకున్నాను గానీ ఫలితం వచ్చేదాకా చెయ్యి ఆడలేదు.

బయట వరండాలో బావ నాకోసం ఎదురుచూస్తున్నాడు. కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పడానికి కోటు తొడిగి తెచ్చారు. చిక్కిపోయాడు. పక్కకి పిలిచి మెల్లిగా అన్నాడు. "లిండెకా, ఇద్దరికీ దారి ఆలోచించాను. మేస్త్రీ నన్ను వేధించాడు, చెయ్యి వేశాడు, అందుకే మానేశాను అని చెప్పు. నేను ఒప్పుకుంటాను. దాంతో నీ భృతి నీకొస్తుంది. నా పని పోతుంది, పోనీ. మోండే పేరు మాత్రం ఎత్తకు."

నిజం చెప్పనా అక్కా? ఒక్క క్షణం ఊగాను. ఆ ఒక్క అబద్ధంతో నాకు కావలసింది వచ్చేస్తుంది. ఆయన జైలుకి పోడు. మీ అందరికీ ఎలాగూ అదే నమ్మకం ఉండేది. ఒప్పుకోవడానికి ఆయన సిద్ధం, చెప్పడమే తరువాయి.

"నువ్వు నామీద చెయ్యి వెయ్యలేదు బావా" అన్నాను. "నువ్వు చెయ్యని తప్పు నీ నెత్తిన పెట్టను."

లోపల అంతా చెప్పాను. కమిషనర్ నడివయసు మనిషి, మధ్యలో ఆపలేదు. కంపెనీ లాయరు లేచి, ఇదంతా కుటుంబ గొడవ, బావామరదళ్ళ వ్యవహారం అన్నాడు. హాల్లో అందరూ నావైపే చూశారు. కమిషనర్ బావని పిలిచాడు.

"ఈమెతో నీకు సంబంధం ఉందా?"

బావ లాయరు వంక చూశాడు, తర్వాత నా వంక. "లేదయ్యా" అన్నాడు.

"ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఈమెను అడిగావా?"

బావ కోటు గుండీ విప్పుకున్నాడు. "అడిగాను."

"రోజూనా?"

"రోజూ."

"అందులో రాసింది నిజమేనా?"

"గుర్తులేదయ్యా" అన్నాడు. అంతకుమించి ఆయన నోట్లోంచి రాలేదు. కానీ ఆ "రోజూ" అన్న మాట చాలని కమిషనర్ తీర్పులో రాశాడు. నేను నా ఇష్టంతో పని మానెయ్యలేదట, అక్కడ ఉండలేకుండా చేశారట. లేబర్ ఆఫీసు కిటికీ దగ్గర అదే పెద్దావిడ తీర్పు చదివి, కళ్ళజోడు దించి, "అయితే నీ అంతట నువ్వు మానెయ్యలేదన్నమాట" అంది. "నా అంతట నేనే మానేశానమ్మా, మానక తప్పలేదు" అన్నాను. ఆవిడ నవ్వి ముద్ర వేసింది. భృతి ఈ నెల నుంచే వస్తుంది.

మోండే సంగతి ఇప్పుడు వేరే వాళ్ళ చేతిలో ఉంది. ఇన్‌స్పెక్టర్లు వచ్చి గది చూశారు, నా వాంగ్మూలం తీసుకున్నారు. మేనేజర్ని, బావని విచారణ తేలేదాకా ఇంటికి పంపించేశారు. బావ రేపు బస్సెక్కుతున్నాడట. నీకు ఆయన చెబుతాడో లేదో అని నేనే రాస్తున్నాను.

గెలిచాననిపించడం లేదు. ఆయన "సంబంధం లేదు" అన్నప్పుడు మాత్రం కళ్ళలో నీళ్ళొచ్చాయి.

లిండెకా

*

ట్సోమో
ఏప్రిల్

చెల్లి లిండెకాకి,

నీ ఉత్తరం, మీ బావ ఒకే రోజు వచ్చారు.

పోయిన ఆదివారం మోండే సమాధి దగ్గర మళ్ళీ ప్రార్థన చేయించింది పెద్దమ్మ. పాస్టరు అందరి ముందూ చెప్పాడు, మోండే పనిలో చనిపోయాడు, దొంగతనంలో కాదు అని. నేనూ వెళ్ళాను. ఆడవాళ్ళు కొందరు నాకు చోటివ్వలేదు. ఇవ్వకపోతే ఇవ్వకపోయారు, నిలబడే పాడాను. మీ బావని రమ్మన్నాను, రాలేదు. వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చునే రోజు ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. వచ్చేదాకా నేను వెంటపడుతూనే ఉంటాను.

కోళ్ళు పెంచి గుడ్లు దుకాణానికి వేస్తున్నాను. బడి ఫీజుకి టీచరు గడువిచ్చింది. నువ్వు పంపిన డబ్బు అందింది. తిరిగి పంపబోయి మానేశాను, ఇంట్లో పిల్లలున్నారు.

ఆయన ఇంట్లోనే ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు. ఉత్తరం వస్తే చాలు, ఎవరు రాశారు, ఏం రాశారు అంటాడు. ఇప్పుడు కూడా బల్లకి అవతల కూర్చుని చూస్తున్నాడు. "ఎవరికి?" అన్నాడు. "లిండెకాకి" అన్నాను. "నా గురించేనా?" అన్నాడు. కాగితం తిప్పి ఆయన ముందుకి జరిపాను. "చదువుకో, దాచేదేం లేదు" అన్నాను.

చదవలేదు. చాలాసేపు దాని వంక చూసి, వేలితో మళ్ళీ నావైపు నెట్టాడు. తర్వాత లేచి టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తున్నాను. ఏటి వైపు దిగే బాట దగ్గర నిలబడ్డాడు. కిందికి దిగడం లేదు. ఇంట్లోకి తిరిగి రావడమూ లేదు.

మీ అక్క
నొజుకో